శుభ్రంగా వచ్చిన రిపోర్టు

నిన్న బీపీ బిళ్లలు అయిపోతే ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్లాను. నా ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, భుజాన టవలు, సీతారామపురం బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చినట్టున్నాడు. జేబులోంచి ఖాళీ అయిన బిళ్లల అట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టి, ఇట్టాంటివే ఒక రోజుకు సరిపోనూ ఇయ్యి నాయనా, పోయినసారి బాగా పట్టినాయి అన్నాడు. షాపతను చీటీ అడగలేదు, జబ్బు అడగలేదు. లోపల్నుంచి కొత్త అట్ట తెచ్చి కత్తెరతో కరకరా కత్తిరించి చేతిలో పెట్టాడు. ఆ కత్తెర చప్పుడుకు నా గుండె ఝల్లుమంది. నా బిళ్లలు నేను తీసుకున్నానో లేదో కూడా చూసుకోకుండా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను.

బిళ్లలు కత్తిరిస్తే భయమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, నాకు రోషం లేదు. నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. బడిపిల్లలకు ధైర్యసాహసాల పాఠాలు చెప్పి రిటైరయ్యాను గాని, ఇప్పటికీ ఉరుము ఉరిమితే ప్రార్థన మొదలుపెడతాను. అయితే ఈ భయం అలాంటిది కాదు. దీన్ని మా అన్న నాకు పెట్టి పోయాడు. పోయాడంటే చనిపోయాడని కాదు, నిక్షేపంగా ఉన్నాడు, ఆ సంగతి ముందే చెబుతున్నాను, లేకపోతే నా ఈడు వాళ్లు చదవలేక మధ్యలోనే పక్కన పెట్టేస్తారు.

మాది ఉదయగిరి కొండ కింద ఒక పల్లె. మా తాతల కాలంలోనే బాప్టిస్టు సంఘంలో కలిసిన కుటుంబం, మెట్ట సేద్యం, వాన కురిస్తే తిండి. మా చిన్నతనంలో మందంటే సూదే. ఒకసారి నా చంకలో గడ్డ లేచి ఒళ్లు కాలిపోతుంటే నాయన నన్ను బండిలో పడుకోబెట్టి ఉదయగిరికి తీసుకుపోయాడు. అక్కడ మిషనులో చదువుకొని వచ్చిన డాక్టరమ్మ ఒకామె ఉండేది. ఆమె గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నెలో సూదులు తెర్లుతుండేవి. చిటికెన వేలంత గాజు సీసాలో తెల్లటి పొడి, దానికి రబ్బరు మూత, ఆ మూతలోంచి నీళ్లు ఎక్కించి గలగలలాడించి సూదిలోకి లాగేది. ఆ సూదిని చూసి నేను పెట్టిన కేకలకు బయట బండికి కట్టిన ఎద్దులు బెదిరాయని నాయన చాలా ఏళ్లు చెప్పి నవ్వేవాడు. మరునాటికి జ్వరం దిగింది, గడ్డ అణిగింది, నేను లేచి సద్ది తాగాను.

మా అవ్వ ఆ ఖాళీ సీసాను ముద్దు పెట్టుకొని, "దేవుడు ఈ మద్దెన సీసాలో వస్తా ఉండాడే" అంది.

ఆ సీసాలు మీకూ గుర్తుండే ఉంటాయి. వాటితోనే మేము అంగడి ఆట ఆడుకునేవాళ్లం. మూతకు చిల్లు పొడిచి వత్తి ఎక్కిస్తే బుడ్డిదీపం అయ్యేది. ఆ తర్వాత కొన్నేళ్లకు బిళ్లలు వచ్చాయి, రెండు రంగుల గొట్టం బిళ్లలు వచ్చాయి. ఊళ్లోకి సైకిలు మీద సంచీ డాక్టరు వచ్చాడు. ఇక మందు కోసం బండి కట్టే పని లేదు. కాలికి గొడ్డలి తగిలితే నాయన ఆ గొట్టం విప్పి పొడి చల్లేవాడు. పన్ను నొస్తే ఆ పొడే. కోడిపిల్లలు తూగుతుంటే వాటి నీళ్లచిప్పలోనూ అదే కలిపేవాడు, అవి మర్నాడు లేచి తిరిగేవి కూడా. మనిషికీ కోడికీ ఒకటే మందు, అందరికీ పట్టేది, ఎవరికీ ఏ చెడూ కనపడలేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో జబ్బంటే బాధ ఉండేది గాని భయం ఉండేది కాదు.

భయం మా మేనమామతో వచ్చింది. సోమశిల డ్యాములో ఊరు మునిగాక ఆత్మకూరు దగ్గర ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన, కండలు తిరిగిన వాడు, కిడ్నీలో రాయి ఉందంటే పెద్ద ఆసుపత్రికి నడిచే వెళ్లాడు. ఆపరేషను బాగా జరిగింది, రాయిని కాగితంలో చుట్టి మాకు చూపించారు కూడా. మామ ఇడ్లీ తిని మాతో నవ్వుతూ మాట్లాడాడు. ఆ తర్వాత చలి మొదలైంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచం గడగడా ఊగిపోయింది. మూత్రంలో ఉన్న క్రిములు నెత్తురులోకి ఎక్కాయన్నారు. ఒక సూది వేశారు, దాన్ని మార్చి ఇంకొకటి వేశారు, అదీ మార్చారు. ఆయన కళ్లు మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాయి. అత్త గోడకు చేరబడి నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "మందు లేక పోలేదు పాపా, అన్ని మందులూ ఉండి పోయినాడు."

అది జరిగి చాలా ఏళ్లయింది. ఆనాడు నాకు అర్థం కాలేదు, ఏడ్చి ఊరుకున్నాను. అర్థమయ్యేలా చేసినవాడు మా అన్న.

అన్న సంఘంలో పెద్ద. ఆదివారం ముందు వరసలో కూర్చొని అందరి కంటే పెద్ద గొంతుతో పాడతాడు. శ్రుతి సంగతి దేవుడు చూసుకుంటాడు. అలాంటి మనిషికి ముసలితనంలో ప్రొస్టేటు వాచి మూత్రం ఆగిపోయింది. పైపు వేసి సంచీ తగిలించారు. నడుముకు సంచీ, దాని మీద టవలు. మొదటి ఆదివారం అలాగే చర్చికి పోయాడట. కూర్చొనేటప్పుడు ఎవరో పిల్లవాడు ఆ సంచీ వైపు చూపించి వాళ్లమ్మను అడిగాడట. ఇక ఆదివారం ఇల్లు కదలలేదు. పొద్దున చర్చిలో పాట మొదలవగానే ఇంట్లో తలుపు వేసుకొని కూర్చుంటాడని వదిన ఫోనులో ఏడ్చింది.

నెల్లూరులో ఆపరేషన్లు చేసే మూత్రవ్యాధుల డాక్టరు ఒకాయన వారానికొకసారి ఆత్మకూరు వచ్చి చూస్తాడు, ఆయనకు చూపించాను. నా దగ్గర చదివిన పిల్లల వయసు ఉంటుంది. ఆయన చెప్పింది ఇదీ: వాచిన భాగాన్ని లోపల్నుంచే గీకి తీసేస్తాం, అక్కడ క్రిములుంటే నెత్తురులోకి ఎక్కే ప్రమాదం ఉంది, అందుకని కోయడానికి ముందే అవి చచ్చే మందు ఒకటి సూదిలో ఇస్తాం, ఏ మందు ఇవ్వాలో తెలియాలంటే ముందు మూత్రంలోని క్రిములను పెంచి చూసే కల్చరు పరీక్ష చేయాలి. పైపు ఉన్నవాళ్లలో క్రిములు ఉండటం మామూలే, భయపడకండి అని కూడా అన్నాడు. ఈ మధ్య ఏమైనా మందులు వాడారా అని అన్నను అడిగాడు. అన్న తల అడ్డంగా ఊపాడు.

రిపోర్టు వచ్చింది. క్రిములే లేవు. డాక్టరు ఆశ్చర్యపోయి, మంచిదే, మామూలు సూదితో సరిపోతుందని తేదీ ఇచ్చాడు. అన్నా వదినా ముందురోజు మా ఇంట్లో దిగారు, తెల్లారి నెల్లూరు పోవాలి. ఆ మధ్యాహ్నం నేను చేపల పులుసు చేశాను. ఎన్నాళ్లకో మా అన్న నవ్వుతూ అన్నం తింటున్నాడు. నీ ఒళ్లు మంచిదన్నా, అంత శుభ్రంగా వచ్చింది రిపోర్టు అన్నాను.

"రాదా మరి! ఊరికే పొయినానా నేను? మన ఊరి డాక్టరు కాడ మంచి బిళ్లలు ఇప్పించుకోని, మింగి, లోపలంతా బాగా కడిగేసినాకనే పొయి ఇచ్చినాను" అన్నాడు గర్వంగా.

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మరి డాక్టరు అడిగితే లేదన్నావే అన్నాను.

"ఆయన కాడ మన డాక్టరు పేరు ఎత్తేదేందిమ్మే? ఇద్దర్నీ కలిపి తిడతాడు. అయినా ఇల్లు కసువు చిమ్మకుండా పెద్దమనిషిని పిలస్తామా?"

నన్ను నమ్మండి, ఆ మాటకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు, ఎందుకంటే మా అన్న ఏం చేశాడో నాకు బాగా తెలుసు. మేమందరం అలా పెరిగినవాళ్లమే. డాక్టరు దగ్గరికి పోవాలంటే తలస్నానం చేసి, తలకు నూనె పెట్టి, ఉన్నవాటిలో మంచి గుడ్డలు కట్టుకొని పోవాలి. నా గడ్డ జ్వరానికి బండి కట్టకముందు మా అవ్వ నన్ను రాతి మీద కూర్చోబెట్టి చన్నీళ్లతో ఒళ్లంతా రుద్దింది. డాక్టరమ్మ థర్మామీటరు పెట్టి ఏదీ పెద్ద జ్వరమేం లేదే అంటే, అవ్వ మొహం వెలిగిపోయింది. జబ్బును కూడా మర్యాదగా తయారుచేసి డాక్టరుకు చూపించే జనం మేము. అన్న తన మూత్రానికి కూడా స్నానం చేయించి పంపాడు.

కాని నాకు మామ మంచం ఊగడం కళ్ల ముందు కనిపించింది. అన్నా, డాక్టరుకు చెబుదాం, ఇవాళ ఇక్కడే ఉంటాడు అన్నాను. అన్న మొహంలో నవ్వు పోయింది.

"చెప్పినావంటే మళ్లా ఎనక్కి తోస్తారు. ఈ సంచి కట్టుకోని ఇంకొక్క నెల బతకమంటే బతకలేనమ్మే. నువ్వు ఆడికి పొయినావా, నేను ఆపరేషనే వద్దనుకోని ఉదయగిరి బస్సెక్కతా. ఆనక నీ ఇష్టం."

మా అన్న అన్నంత పనీ చేసే మనిషి. చెబితే ఆపరేషను ఉండదు, చెప్పకపోతే మనిషే ఉండడేమో. నా జీవితంలో ఎన్నడూ అంత భయపడలేదు. వంటింట్లోకి పోయి పొయ్యిగట్టు పట్టుకొని నిలబడ్డాను, ప్రార్థన చేద్దామంటే మాటలు కూడా రాలేదు. చివరికి పెరుగు తెస్తానని చెప్పి గిన్నె పట్టుకొని బయటపడ్డాను. ఆత్మకూరు బజారులో నేను తెలియని వాళ్లు లేరు. టీచరమ్మా ఎక్కడికి అని అందరూ పలకరిస్తున్నారు, ఎవరికీ జవాబు చెప్పలేదు. వెనక నుంచి అన్న వచ్చి భుజం పట్టుకుంటాడేమోనని తిరిగి తిరిగి చూసుకుంటూ నడిచాను. అరవై దాటిన ఆడదాన్ని, చిన్నప్పుడు చింతకాయలు దొంగిలించినప్పుడు పరిగెత్తినట్టే పరిగెత్తాను.

డాక్టరు రోగుల మధ్యలో ఉన్నాడు. ఖాళీ గిన్నెతో లోపలికి దూసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆయన మొహం తెల్లబడింది. డాక్టరు భయపడటం నేను అంతకు ముందు చూడలేదు.

"మంచి పని చేసినారమ్మా. ఆ బిళ్లలకి క్రిములు పోయుండవు, పరీక్షలో కనపడకుండా అణిగుంటాయి. దొంగెవరో తెలిస్తేనే గదా ఏ కాపలా పెట్టాలో తెలిసేది" అన్నాడు.

మరి అన్నిటికంటే పెద్ద మందే ముందుగా ఇచ్చేయొచ్చు గదా, ఆపరేషను ఆపకుండా అని అడిగాను. అన్న కోసమే అడిగాను. ఆయన, ఏది పెద్దదో కూడా ఇప్పుడు గుడ్డిగా చెప్పలేమన్నాడు. ఒకప్పుడు అందరికీ పట్టిన మందులు ఇప్పుడు మన వైపు చాలామందికి పట్టడం లేదు, మిగిలినవి కొన్నే, వాటిని ఏ క్రిమో తెలియకుండానే వచ్చిన ప్రతివాళ్లకీ వాడేస్తే రేపు నిజంగా నెత్తురులో విషం ఎక్కినవాడికి ఇవ్వడానికి ఏమీ మిగలదమ్మా అన్నాడు. అత్త గోడకు చేరబడి అన్న మాటకు అర్థం నాకు ఆ గదిలో తెలిసింది.

ఇంటికొచ్చి చెప్పేశాను. అన్న లేచి బట్టల సంచీ సర్దుకొని, చెప్పులేసుకొని వాకిలి వైపు నడిచాడు. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మా వదిన, పెళ్లయిన నాటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగని మనిషి, పోయి గడప మీద అడ్డంగా కూర్చుంది.

"తొక్కి పో. ముసిలిదాన్ని, లేచేది ల్యా" అంది.

అన్న చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచాడు. ఆపరేషను అయ్యేదాకా నాతో మాత్రం మాట్లాడలేదు, మజ్జిగ కావాలన్నా వదినతో చెప్పించేవాడు.

ఏ బిళ్లలూ మింగనియ్యకుండా కొన్నాళ్లు ఆగి, పాత పైపు తీసి కొత్తది వేసి, అందులోంచి మళ్లీ పరీక్షకు తీశారు. ఈసారి రిపోర్టు నేనే తెచ్చాను. ఒక వరసలో మందుల పేర్లు, పక్కన ఇంగ్లీషు అక్షరాలు, పట్టే మందుకు ఎస్, పట్టని మందుకు ఆర్. పై నుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఆర్, ఆర్, ఆర్. అన్న మింగిన బిళ్లలకు ఆర్. చిన్నప్పుడు మా కోడిపిల్లలను లేపిన మందుకు ఆర్. ఏ సూది వేసి కోద్దామనుకున్నారో దానికీ ఆర్. అట్టడుగున ఒకటో రెండో ఎస్‌లు ఉన్నాయి. ఆ కాగితం పట్టుకొని బస్టాండులో బెంచీ మీద కూర్చుండిపోయాను. పులుసు బాగా కుదిరి, అన్న తిండి ధ్యాసలో పడి ఆ బిళ్లల మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

డాక్టరు ఆ మిగిలిన వాటిలో ఒకటి ఎంచి, కోయడానికి ముందే నరానికి ఎక్కించి, నెల్లూరులో ఆపరేషను చేశాడు. బయటికి తెచ్చినప్పుడు అన్న గడగడా వణుకుతున్నాడు. నేను అరిచాను. నర్సు వచ్చి, వెన్నుకు ఇచ్చిన మత్తుకు అట్నే వణుకుతారమ్మా, జ్వరం కాదు అంది. నేను నమ్మలేదు. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఒళ్లు వేడెక్కుతుందేమోనని చూడటం, నా చేతి వేడేనేమోనని చెయ్యి మార్చడం, మళ్లీ చూడటం. వణుకు మెల్లగా తగ్గింది. జ్వరం రాలేదు. మరునాడు కూడా రాలేదు. అన్న కళ్లు తెరిచి నన్ను చూసి, "చెయ్యి తియ్యిమ్మే, బరువు" అన్నాడు. అదే నాతో మాట్లాడిన మొదటి మాట. నేను బయటికి పోయి వరండాలో కుళ్లి కుళ్లి ఏడ్చాను.

ఇప్పుడు అన్నకు సంచీ లేదు, పైపు లేదు. ఆదివారం ముందు వరసలో కూర్చొని శ్రుతి లేకుండా పాడుతున్నాడు. కోపం పోయింది. ఊళ్లో అందరికీ మా చెల్లెలు బతికించిందని చెబుతున్నాడట. కాని ఆయనకు ఒక కోరిక పుట్టింది. ఇంటికి పోయిన వారానికే ఫోను చేశాడు.

"ఏమ్మే, నాకు ఎక్కించిన ఆ సూది పేరేంది? మందంటే అది మందు! మన డాక్టరుకు చెప్తే తెప్పించి పెడతాడు. ఊర్లో జరాలుగా ఉండాది, పాపం, పిల్లోళ్లకి పనికొస్తాది."

నాకు ఆ పేరు తెలుసు. మర్చిపోదామన్నా మర్చిపోలేను. అది చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఊరి డాక్టరుకు సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది గాని ఆ మందుల సంచీ అదే, రొంపకూ దగ్గుకూ అదే వేస్తారు, బాగా పట్టిందని పక్క ఊరికి చెబుతారు, కొన్నాళ్లకు ఆ అట్టడుగు ఎస్ కూడా ఆర్ అయిపోతుంది. మర్చిపోయానన్నా అన్నాను. చదువుకున్నదానివి, అంత మతిమరుపేందని తిట్టాడు.

మన చిన్నతనంలో మంచి మందు పేరు తెలిసినవాడు దాన్ని దాచుకుంటే పాపం అనేవారు. మా నాయన ఏ బిళ్ల ఎవరికి పట్టిందో ఊరంతా తిరిగి చెప్పేవాడు, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు, అందుకే ఆయన పోయిన రోజు ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఏడ్చారు. ఆ నాయన కడుపున పుట్టి, ఆ ఇంట్లో పెరిగి, నా అన్న ప్రాణం నిలబెట్టిన మందు పేరును నేను నా అన్నకే చెప్పకుండా దాస్తున్నాను. ఆయన ఇప్పటికీ ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోను చేసి, గుర్తొచ్చిందామ్మే అని అడుగుతాడు. ఇంకా రాలేదన్నా అంటాను.